కుండ ఆగుతది

కొరియర్ పిలగాడు డబ్బను గడప మీద దించి
నడుము పట్టుకున్నడు.
"అక్కా, రాయి దెప్పించినవా?"

రాయే. తెల్లటి రాయి.
పిండి గలిపే మిషన్‌కు పింగాణి గిన్నె.
స్టీలుది అడుగు సొట్టవోయి
నెల సంది గరగరమంటుంటె
మూడు పెళ్లిరోజు కేకులు, ఒక బడి ఆర్డరు,
ఆ పైసలు ముట్టకుండ దాసి తెప్పిచ్చుకున్న.
మిరియాలగూడల ఏ దుకాణంల అడిగినా
"ఏందీ, మళ్లొక్కసారి చెప్పు" అన్నోళ్లే.

పెద్దబాపు జానయ్య మంచంలకెంచి లేచిండు.
అద్దాలు వెట్టుకోలే.
మా కుమ్మరోళ్ల ఇంట్ల కుండను సూసుడు కండ్లతోని గాదు.
గిన్నెను గడ్డిసుట్ట మీద బోర్లిచ్చి
నడిమేలు కణుపుతోని కొట్టిండు.
చెవు ఆనిచ్చి ఇంకొక్కసారి.

కంగుమన్నది.
ఆము కూలి పద్నాలుగేండ్లాయె,
మా ఇంట్ల మళ్ల ఆ సప్పుడు ఇన్న.

"మస్తు కాలింది" అన్నడు.
"సాగర్ రోడ్డు మిల్లులన్నిట్ల ఊక దెచ్చి పోసినా
మన ఆముకు ఇంత మంట రాకపోవు."
లోపలంత అరచెయ్యి తిప్పిండు,
నున్నటి తెలుపుల యాడనన్న
వేలిగీత తగుల్తదేమోనని.
తగల్లే.
"చేసినోడు చెయ్యి కడుక్కోని పోయిండు బిడ్డా."

పలగదంట పెద్దబాపూ, పదేండ్ల గ్యారంటి, అన్న.
పండ్లు లేని నోటితోని నవ్విండు.
"పలగని కుండ జేసెటోడు
రెండో కుండ ఎవలికి అమ్ముతడు?
ఎవలింట్లనో పలిగితెనే మనింట్ల పొయ్యి ఎలిగింది.
నీ డిగ్రీ మొత్తం పలిగిన కుండలే."

గిన్నె బిగిచ్చిన. వెన్న, చక్కెర. స్విచ్చి ఏసిన.
పీట దగ్గరికి గుంజుకోని కూసున్నడు,
సారె ముంగట కూసున్నట్టె, మోకాళ్లు ఎడంగ.
శానాసేపు సూసిండు.
"తారుమారాయె గదనే.
మా దాంట్ల కుండ తిరుగుతది, చెయ్యి ఆగుతది.
నీ దాంట్ల కుండ ఆగుతది, చెయ్యి తిరుగుతది."
ఆ మాట నాకు అయ్యాల్టి సంది
మిషన్ నడిచినప్పుడల్లా ఇనవడుతనే ఉన్నది.

మే నెల. రేకుల కింద వంటిల్లు.
స్టీలుదాంట్ల అయితె వెన్న నూనె అయ్యేది.
దీని సల్లదనం ఎటువోదు,
పొద్దుగాల ఫ్రిజ్జుల వెడితె పగటాల్ల దాంక గుర్తువెట్టుకుంటది.
మట్టి బుద్ధి ఇంకా యాదికున్నట్టుంది దానికి.

నిమ్మలంగ నడుస్తుంటె ఒకనాడు కరెంటు వోయింది.
వొకీలు సాబు మనుమరాలి కేకు, సగం గిలకొట్టిన గుడ్లు.
చేత్తోని కలుపుదామని గిన్నె ఊడదీసిన,
చీకట్ల మోచెయ్యి గోడకు తాకింది.

పడ్డది.
ఇంట్ల ఎవ్వలం ఊపిరి పీల్చలే.

కరెంటు వచ్చినంక సూస్తె
టైల్సు బండ రెండు ముక్కలు.
గిన్నె బోర్ల వడి, ఏం గానట్టు.
మా ఆయిన సంబురంగ ఫోన్ల ఫోటో దీసిండు.
పెద్దబాపు మాత్రం గోడ వట్టుకోని వచ్చి
గిన్నెను కడిగించి, తుడిపిచ్చి,
కణుపుతోని కొట్టిండు.

మాకందరికి అదే కంగు.
ఆయన తల అడ్డం దిప్పిండు.
"రవ్వంత బొంగురుంది.
లోపట ఈనె వడ్డది, వెంట్రుకంత. మీకు కనవడది."
దుఃఖపడుతుండనుకున్న గని, కాదు.
తెలిసినోళ్లు ఎదురైనట్టు
దాని అంచును నిమురుతుండు.
"ఇగ ఇది కుండ" అన్నడు.

ఇప్పుడు పొద్దున్నే పిండి పొయ్యకముందు
నేను గూడ కణుపుతోని కొడుత.
నాకేం తేడ తెల్వదు, కంగుమంటది, అంతె.
అవతలి అర్రలకెంచి దగ్గు ఆపుకోని
పెద్దబాపు అంటడు:
"ఇంకున్నది. కానియ్యి."